చిటికెడు ట్రిప్టోఫాన్

గంటన్నర నుంచి ఈ బల్ల మీద కూర్చోబెట్టారు నిన్ను, ఒక్కరైనా మంచినీళ్లు తాగుతావా అని అడిగారా? లోపల ఏసీలో కూర్చుని నీకు దొంగ అని పేరు పెట్టడానికి మాత్రం విచారణకొచ్చిన ముగ్గురు పెద్దమనుషులకి తీరిక దొరికింది. ఇదిగో, తాగు. వద్దంటే ఊరుకోను.

ఆ రాజీనామా కాగితం ఇలా ఇవ్వు. చింపనులే. సంతకం పెట్టేముందు నా మాట విను.

ఏంటలా చూస్తావు? మీడియా గదిలో బ్యాక్టీరియాకి మేత కలిపి ప్లేట్లలో పోసే పిన్నికి ఏం తెలుసనా? నీ బ్యాక్టీరియా బతకడానికి కావాల్సిన ట్రిప్టోఫాన్ అనే పోషకాన్ని సొంతంగా తయారుచేసుకోలేదు. అది తయారుచేసే ఎంజైమ్‌ని నువ్వు కొత్తగా మలిచి దాన్లో పెట్టావు. ఆ ఎంజైమ్ పనిచేస్తే ట్రిప్టోఫాన్ లేని ప్లేటు మీద కూడా బతుకుతుంది, లేకపోతే చస్తుంది. అంతేగా?

రెండేళ్లు చస్తూనే ఉంది. ప్రతి సోమవారం ఖాళీ ప్లేట్లు పట్టుకొచ్చి, నా సింకు దగ్గర నిలబడి ఏడ్చేదానివి. అన్నం డబ్బా మూత కూడా తీసేదానివి కాదు. నేనే తీసి నీ చేతిలో పెట్టేదాన్ని.

ఆ రోజు ప్లేట్లలో పోయడానికి అగర్ కలిపేటప్పుడు... స్పూను కడగలేదేమో. ట్రిప్టోఫాన్ సీసా పక్కనే ఉంది. చిటికెడు పడితే చాలు కదా, అవి పెరగడానికి.

రెండో రోజుకి ప్లేట్ల మీద చుక్కలు చుక్కలుగా పెరిగిన కాలనీలు చూసి నన్ను వాటేసుకున్నావు. "పిన్నీ, పనిచేసింది" అన్నావు. ఒక్క పూట సంతోషపడనీ, సాయంత్రం చెబుదాం అనుకున్నాను. సాయంత్రానికి మీ సారు డిపార్ట్‌మెంటంతా చెప్పేశారు. ఆనక జర్నల్లో నీ పేపరు అచ్చయింది. ఇప్పుడేమో బయటి ల్యాబుల్లో ఎవరు చేసినా పెరగట్లేదని నిన్ను మోసగత్తె అంటున్నారు.

అందుకే లోపలికి ముందు నేను వెళ్తాను. రిటైర్మెంటుకి ఇంకా పది నెలలుంది, పోతే పోనీ.

ఏంటీ, పొరపాటేగా అంటావా? చెయ్యి వదులమ్మా. నువ్విలా పట్టుకుంటే ఇంకా సిగ్గుగా ఉంది.

పొరపాటైతే ఒక్కసారి జరుగుతుంది. సారు మళ్లీ మళ్లీ చేసి చూపించమన్నారు, మూడుసార్లూ నేనే పోశాను. పొరపాటైతే అన్ని ప్లేట్లలోనూ పడుతుంది. నీ ఎంజైమ్ పెట్టని బ్యాక్టీరియాకి, పోలిక కోసం విడిగా పోయిస్తావు చూడు, ఆ ప్లేట్లలో మాత్రం పడకుండా జాగ్రత్తపడ్డాను. వాటి మీద కూడా పెరిగితే నీకు అనుమానం వస్తుందని నాకు తెలుసు.

పోలిక ప్లేట్లు ఎందుకు పెడతారో, పక్కన కూర్చోబెట్టుకుని ఓపిగ్గా నాకు చెప్పింది నువ్వే.