పాలగింజల కోసం నాలుగిళ్ళు

వంటింటి బల్ల దగ్గర ఇద్దరు: ఎనభై దాటిన మామ్మ, ఆవిడ తమ్ముడి మనవరాలు. బల్ల మీద, మూతికి గుడ్డ కట్టిన గాజు సీసా.

“ఇలా రా తల్లీ, ఇంకా దగ్గరికి జరుగు. ఆ కుర్చీ వద్దు, అది ఊగుతుంది. ఇదిగో, నా మోకాలి పక్కన కూర్చుని విను. గొంతెత్తి చెప్పుకునే కథ కాదిది.”

“కథ తర్వాత మామ్మా. ముందు ఈ పాలు సరిగ్గా పులిశాయో లేదో చూడు. పొద్దున నాయనమ్మ గ్లాసు చూడగానే మొహం గోడవైపు తిప్పేసుకుంది.”

“తిప్పేసుకుందా?”

“ఏడ్చింది కూడా. గొంతులోకి ఏదైనా దిగి నాలుగు రోజులైంది. పులిసిన పాలైతే పలచగా జారతాయి, అవైనా పట్టించండి, లేకపోతే ఇంకో రెండు మూడు రోజులే అంది డాక్టరమ్మ. స్నేహితురాలి దగ్గర పాలని పులియబెట్టే గింజలు తెచ్చి నేనే చేశాను. ఎక్కడో తప్పు చేసుంటాను.”

“గుడ్డ విప్పు. ఆ స్టీలు చెంచా పక్కన పెట్టి చెక్కది తే. ఊఁ... వాసన బాగుంది. నాలిక మీద చురుక్కుమంటోంది కూడా. పాలు చల్లార్చి పోశావు, ఎండ తగలనివ్వలేదు, ఒక రోజంతా కదపలేదు. అవునా? మా అమ్మ చేతి పాలలాగే ఉన్నాయి.”

“మరి తాగదేం?”

“తప్పు పాలది కాదు.”

“మరెవరిది?”

“చెప్తున్నాగా. మీ అమ్మలాగే నీకూ తొందర. మా అమ్మ దగ్గర ఇలాంటి సీసానే ఉండేది. ఈ గింజలు చూడు, కాలీఫ్లవర్ తుంపి వేసినట్టు ఉన్నాయా? మా అమ్మ వీటిని పిల్లలు అనేది. పొద్దున్నే మమ్మల్ని లేపేది కాదు, పిల్లలు ఆకలితో ఉన్నారంటూ పాలు వడగట్టి, గింజలు కడిగి, మళ్ళీ కొత్త పాలు పోసేది. నేనూ మీ తాతయ్యా మొహాలు కడుక్కునేసరికి అవి తిని కూర్చునేవి.”

“వాటికి బడి లేదుగా, ఏం తొందరట?”

“అదే అడిగేవాడు మీ తాతయ్య. అవి తిని ఊరుకుంటాయా, పెరుగుతాయి. పదిహేను రోజులకి రెట్టింపు. పారబోయడానికి అమ్మకి మనసొప్పక కప్పులో వేసి, మూతపెట్టి, అడిగినవాళ్ళకల్లా ఇచ్చేది. బదులేమీ పుచ్చుకునేది కాదు. ఒక్కటే షరతు. మావి పోయిన రోజున మీరు తిరిగివ్వాలి, లేదనకూడదు. ఆ మాట మీద అలా ఎన్నిళ్ళకి వెళ్ళాయో.”

“నాయనమ్మ సంగతి చెప్పు మామ్మా.”

“అక్కడికే వస్తున్నాను. మీ నాయనమ్మ అప్పుడు ముందు గదిలో మిషను పెట్టుకుని కుట్టేది. బడి పిల్లల చొక్కాలు, నర్సుల తెల్ల కోట్లు. ఆవిడ కుట్టిన కాలరు చిరిగినా ఒంకర పోయేది కాదు. మా అమ్మ మంచాన పడింది వాళ్ళింట్లోనే. ఇప్పుడు మీ నాయనమ్మకి పూడుకుపోయినట్టే అమ్మకీ గొంతు పూడుకుపోయింది. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు, ఆ పాలే ప్రాణం. సీసా మీ నాయనమ్మ చేతికి వచ్చింది.”

“సరిగ్గా చేసేది కాదా?”

“నాకంటే బాగా చేసేది. చేసేది కాబట్టే... ఆ వడగట్టే గుడ్డ ఉందే, ఏళ్ళ తరబడి అదే గుడ్డ. పసుపుపచ్చగా అయిపోయి, ఆరినా కమురు వాసన. అత్తగారు తాగే పాలు ఆ గుడ్డలోంచా అని మీ నాయనమ్మ ప్రాణం ఊరుకోలేదు. నర్సుల కోటు గుడ్డలో మిగిలిన ముక్క తీసి, నాలుగంచులూ మడిచి కుట్టింది. కోట్లు ఎలా తెల్లబరుస్తుందో అలాగే బ్లీచింగు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, రెండుసార్లు జాడించి, ఇస్త్రీ కూడా చేసింది. చూడత్తయ్యా ఎంత తెల్లగా ఉందో అని అమ్మ మంచం దగ్గరికి తెచ్చి చూపించింది. అమ్మ ఆ గుడ్డని చెంపకి ఆనించుకుందట.”

“బ్లీచింగు...”

“ఆ. రెండు జాడింపులకి పోతుందా అది? ఆ గుడ్డలోనే గింజలు వేసి కడిగింది, పిండింది. మర్నాడు పాలు పులవలేదు. చలికి అనుకుని సీసాకి శాలువా చుట్టింది. రెండో రోజు గింజలు వేళ్ళకి జిగురుగా తగిలాయి. మూడో రోజు మూత తీస్తే తనే ముక్కు మూసుకుంది. అప్పుడు తెలిసింది, చేసిందేమిటో. మిషను ముందు కూర్చుని కాలు ఆడించకుండా ఉండిపోయింది. లోపలి గదిలోంచి అమ్మ అడుగుతోంది, పిల్లలెలా ఉన్నారే అని. బాగున్నారత్తయ్యా అంది.”

“చెప్పేస్తే పోయేదిగా.”

“నువ్వు చెప్పేదానివా? గ్లాసు కోసం చెయ్యి చాపిన మనిషికి?”

“ఏమో.”

“కొట్టు పెరుగు తెచ్చి చిలికి, నీళ్ళు పోసి ఇచ్చింది. అమ్మ ఒక గుక్క పుచ్చుకుని గ్లాసు పక్కన పెట్టేసింది. ఇది మన పిల్లలది కాదులే, రేపు తాగుతాను అంది. ఎవర్నీ ఏమీ అనలేదు. ఇంక ఏ గ్లాసుకీ నోరు తెరవలేదు అంతే. అప్పుడు మీ నాయనమ్మ చెప్పులేసుకుంది. అమ్మ ఎవరెవరికి ఇచ్చిందో గుర్తు తెచ్చుకుని బయల్దేరింది.”

“ఎక్కడికి?”

“మొదట బడిలో వంట చేసే ఆవిడింటికి. ఆవిడ పాపం అలమరలోవన్నీ దించింది. సీసా దొరికింది గానీ అందులో మెంతులున్నాయి. తర్వాత ఇస్త్రీ ఆయన. ఊరెళ్తూ ఫ్రిజ్‌లో పెట్టామమ్మా, కరెంటు పోయి అన్నీ పోయాయి అన్నాడు. ఇస్త్రీ పెట్టె ఆపి మరీ చెప్పాడట. మూడోది పాలాయన ఇల్లు. ఆయన నవ్వాడు. పాలు విరిగాయంటే నాకు బేరం పోతుంది తల్లీ, మా ఇంట్లో పులిసిన పాలు కనిపిస్తే జనం ఏమనుకుంటారు, ఆ రోజే తీసేశాను అన్నాడు. మూడు గుమ్మాల్లోనూ మీ నాయనమ్మ ఒక్కటే మాటంది. మావి కాస్త తగ్గాయి, ఒక చెంచాడు చాలు అని. చచ్చిపోయాయని అనడానికి నోరు రాలేదు.”

“తర్వాత మీ ఇల్లు.”

“నీళ్ళు తాగుతావా? ఎండలో పడి వచ్చావు.”

“వద్దు మామ్మా. నాలుగోది మీ ఇల్లేగా. నాయనమ్మ ఎప్పుడో చెప్పింది. పాపం, వదినగారింట్లో కూడా లేవు అని.”

“పాపం అందా?”

“అంది.”

“పాపం అనే అందా?”

“అవును మామ్మా. ఏం?”

“ఏం లేదు. మధ్యాహ్నం రెండున్నర అప్పుడు. మీ నాయనమ్మ జడలో దారం ముక్క చిక్కుకుని ఉంది, మిషను ముందు నుంచి లేచొచ్చినట్టు తెలుస్తోంది. గుమ్మం దాటలేదు. అంతకి రెండేళ్ళ ముందు నుంచి మా రెండిళ్ళకీ రాకపోకల్లేవు. అమ్మ ఒకసారి నలుగురిలో అంది, నా కోడలి చేతి శుభ్రం నా కూతురికి రాలేదు అని. నవ్వుతూనే అంది. ఆ నవ్వే నాకు దిగింది.”

“అంత మాటకేనా?”

“అంత మాటకే. పెద్ద మాటైతే మర్చిపోయేదాన్నేమో. అమ్మ అడగమందా అన్నాను. లేదు వదినా, నేనే వచ్చాను అంది. ఎలా అడగమంటుంది, గింజలు చచ్చిపోయాయని అమ్మకి తెలియనే తెలియదుగా. అది నాకు తెలియదు. అమ్మ ఎలా ఉంది అన్నాను. బానే ఉంది అంది. గింజలు తగ్గాయంతే అంది. ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా మాట్లాడుకున్నాం. నేను నమ్మాను. అడగాల్సింది కోడలా, అమ్మా? రెండు రోజులు పోతే అమ్మే కబురు పెడుతుందనుకున్నాను. కూతురుందని అప్పుడైనా గుర్తొస్తుందనుకున్నాను.”

“పెట్టిందా?”

“మూడో రోజు కబురొచ్చింది. మీ తాతయ్య వచ్చాడు. అమ్మ పోయిందని.”

“అందుకేనా నాయనమ్మ... ఆ గ్లాసు చూసి... ముప్పై ఏళ్ళుగా తనే చంపాననుకుంటోందా?”

“ముప్పై నాలుగు.”

“నువ్వు రా మామ్మా. ఆటో పిలుస్తాను. తన తప్పు కాదని నువ్వు చెప్తే వింటుంది. తాగుతుంది.”

“నేను రాను.”

“మోకాళ్ళేగా, నేను పట్టుకుంటాను.”

“మోకాళ్ళు కాదు తల్లీ. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్ళానో ఆ ఇంటికి. నాకు జాకెట్లు కుట్టింది మీ నాయనమ్మ. టేపు పట్టుకుని నా చుట్టూ తిరుగుతుంటే, ఇప్పుడు చెప్తాను, ఈ చెయ్యి కొలత అయ్యాక చెప్తాను అనుకునేదాన్ని. కొలతలు అయిపోయేవి. పిల్లలెలా ఉన్నారని అడిగి వచ్చేసేదాన్ని.”

“ఏం చెప్దామని? మామ్మా, మీ అమ్మ కబురు పెట్టుంటే ఏం చేసేదానివి?”

“పరుగెత్తుకెళ్ళేదాన్ని.”

“వట్టి చేతులతోనా?”

“సీసాకి గుడ్డ కట్టు. ఈగలు.”

“వట్టి చేతులతో వెళ్తే ఆవిడేం తాగుతుంది మామ్మా? నా వైపు చూడు.”

“మీ నాయనమ్మకి మాట వినిపిస్తోందా?”

“ఏడ్చిన దగ్గర్నుంచి పిలిచినా పలకడం లేదు. వింటోందో లేదో తెలియదు.”

“అయితే లే, ఇప్పుడే వెళ్ళు. ఒక్క ముక్క మార్చకుండా గుర్తుపెట్టుకుని చెవిలో చెప్పు. వినపడకపోతే మీ అమ్మకి చెప్పు, రేపు నీ కడుపున పుట్టినవాళ్ళకి చెప్పు, నన్ను మంచిదాన్ని చేసి మాత్రం చెప్పకు. ఆ మధ్యాహ్నం మా వంటింట్లో గింజలతో నిండుగా రెండు సీసాలున్నాయి.”