తాళంచెవి చేతులు మారే చోట

1993 సెప్టెంబరు 6, సోమవారం ఉదయం, ఈ పదవీ విరమణ సంచిక ఎవరి గౌరవార్థం వెలువడుతున్నదో ఆ మాన్యురాలు మా సంస్థ ఎగుమతి విభాగంలో టైపిస్టుగా బాధ్యతలు స్వీకరించారు. కార్యాలయంలో అందరికీ ఆవిడ అక్కయ్యగారు. పక్క బల్ల దగ్గర ఇన్నేళ్లు కూర్చున్న పుణ్యానికి నాకు మాత్రం ఆవిడ చేత రోజూ చీవాట్లు తినే హక్కు అదనంగా దక్కింది.

నేలకు పరిచే టైల్స్ తయారుచేసి పొరుగు దేశానికి ఎగుమతి చేయడం మా సంస్థ ప్రధాన వ్యాపారం. ప్రధాన కార్యాలయంలో గడిపిన తొలి సంవత్సరాలలో, అవతలి కొనుగోలుదారుల ఘాటైన ఉత్తరాలకు మర్యాద తప్పకుండా, అలాగని మాట జారకుండా ప్రత్యుత్తరాలు రాయడంలో అక్కయ్యగారు చూపిన నైపుణ్యం ఉన్నతాధికారుల దృష్టిని ఆకర్షించింది. తత్ఫలితంగా వారు ఆవిడకు సహాయాధికారిణిగా పదోన్నతి కల్పించి, దాంతోపాటు బహుమానంగా సరిహద్దు కార్యాలయాన్ని అప్పగించారు. ఆ బహుమానాన్ని అంతకుముందు ముగ్గురు నడుంనొప్పి వంక పెట్టి తప్పించుకున్నారన్న సంగతి ఆవిడకు చేరాక గానీ తెలియలేదు.

అది రేకుల కప్పు వేసిన ఒక్క గది. బల్ల మీద వేలితో పేరు రాసుకోగలిగినంత దుమ్ము. కిటికీలోంచి చూస్తే లారీలు తిరిగే విశాలమైన ఆవరణ, దాని చివర గేటు, గేటు అవతల పొరుగు దేశం. అక్కడినుంచి రోడ్డు ఒక్కసారిగా వాలిపోయి, మలుపులు తిరుగుతూ కింద లోయలోకి దిగుతుంది. ఉభయ దేశాల ఒప్పందం ప్రకారం మన లారీ గేటు దాటవచ్చు గానీ మన డ్రైవరు దాటకూడదు. అవతలి డ్రైవరు నడిచి ఇవతలికి వచ్చి, మనవాడి దగ్గర తాళంచెవి పుచ్చుకుని, ముక్కూమొహం తెలియని బండిని నిండు సరుకుతో ఆ వాలులో దింపాలి. అక్కయ్యగారు చేరిన కొత్తలోనే ఒక నియమం పెట్టారు. తాళంచెవి చేతులు మారాక, బండి గేటు వైపు కదలకముందు, కొత్త డ్రైవరు సరుకుతో సహా మన ఆవరణలోనే ఒక చుట్టు తిప్పి చూసుకోవాలి. దీనివల్ల డ్రైవర్లు ఆవిడకు ‘రౌండు మేడమ్’ అని పేరు పెట్టారు. ఆకారాన్ని బట్టి కాదని మనవి. ఆవిడ ఎప్పుడూ వెదురుబద్దలాగే ఉన్నారు.

ఈ చుట్టు కాలహరణమని పైవాళ్లు గొణుగుతూనే ఉండేవారు. అది పరీక్షకు నిలబడిన రోజు నేను అక్కడే ఉన్నాను. పొరుగు దేశంలో కడుతున్న ఒక ఆస్పత్రికి మా మొదటి సరుకు వెళుతున్న సందర్భమది. నాటి జనరల్ మేనేజరుగారు స్వయంగా విచ్చేశారు. గుడ్డతో స్వాగతతోరణం కట్టారు, పూలకుండీలు వరసపెట్టారు, ఫోటోగ్రాఫరును పిలిపించారు. అవతలి నుంచి వచ్చిన డ్రైవరు కుర్రతనం పోని మనిషి, కొత్తగా తండ్రయినవాడు. టీ తాగుతున్నంతసేపూ సగం మన మాటల్లో, సగం వాళ్ల మాటల్లో పాప కబుర్లే చెప్పాడు.

“అమ్మా, ఇవాళ ఒక్కరోజుకి ఆ రౌండు మానుకోకూడదా? సాయంత్రం అయితే గేటు మూసేస్తారు,” అన్నారు జనరల్ మేనేజరుగారు.

“మానుకోవచ్చండీ. కానీ ఆ కిందికి దిగేది మీరూ కాదు, నేనూ కాదు.”

మన డ్రైవరు పెద్దాయన కలగజేసుకున్నాడు. “బంగారంలాంటి బండి సార్! ఏళ్ల తరబడి నేనే తోలుతున్నా. ఒక్కనాడూ నన్ను ఏడిపించలేదు.”

“విన్నారుగా?”

“విన్నానండీ. అతన్ని కూడా తిప్పి చూసి ఆ మాటే చెప్పనివ్వండి.”

“ఇలాగైతే మిమ్మల్ని ఇక్కడ ఉంచాలో వద్దో ఆలోచించాల్సొస్తుంది.”

“ఆలోచించండి సార్. ఈలోగా అతను తిప్పేస్తాడు.”

బండి మనిషి నడకంత నెమ్మదిగా కదిలి, ఆవరణ చివర మలుపు తిరిగి తోరణం వైపు వచ్చింది. ఆగాల్సిన చోట ఆగలేదు. డ్రైవరు మొహంలో రంగు మారడం నాకు మా గది కిటికీలోంచి కనబడింది. అందరూ తలో దిక్కుకు దూకారు. తోరణం చిరిగింది, కుండీలు పిండి అయ్యాయి, లారీ పోయి ఇసుకగుట్టలో ముక్కు దూర్చి నిలబడింది. ఎవరికీ చిన్న గీత పడలేదు. ఆ గందరగోళంలో ఫోటోగ్రాఫరు నొక్కిన ఏకైక చిత్రంలో జనరల్ మేనేజరుగారి చెప్పు ఒక్కటే పడింది.

“రెండుసార్లు తొక్కాలయ్యా! మొదటి తొక్కుకి బ్రేకు పట్టదు, రెండోదానికి పడుతుంది!” అని అరుస్తూ పరిగెత్తాడు మన పెద్దాయన.

“మరి ముందే చెప్పలేదేం?” అని గద్దించారు జనరల్ మేనేజరుగారు.

పెద్దాయన తెల్లబోయాడు. “తోచలేదు సార్... నాకెప్పుడూ అలాగే కదా,” అంటూ అక్కడే కూలబడి, చంటిబిడ్డ తండ్రి వంక చూసి భోరుమన్నాడు.

అక్కయ్యగారు ఆయన పక్కనే ఇసుకలో కూర్చున్నారు. “నువ్వు అబద్ధమాడలేదు అన్నయ్యా. బండి జబ్బు నీ కాలికి తెలుసు, నీకే తెలీదు. ఊరుకో. అందరూ బాగానే ఉన్నారుగా, ఊరుకో.”

జనరల్ మేనేజరుగారు గేటు అవతల కిందికి జారిపోతున్న రోడ్డును చాలాసేపు చూశారు. తర్వాత, “అమ్మా, నాక్కూడా ఒక టీ చెప్పండి,” అన్నారు. హమాలీలు సరుకును మరో లారీలోకి మార్చారు. అది కూడా ఒక చుట్టు తిరిగి, గేటు మూసేలోగానే దాటింది. ఆ తర్వాత ఆ నియమం గురించి పైనుంచి ఎవరూ నోరెత్తలేదు. పైగా తక్కిన సరిహద్దు కార్యాలయాలన్నిటా దాన్ని అమలుచేశారు.

ఆ ఘటన అక్కయ్యగారికి ఒక అలవాటును మిగిల్చింది. బండి క్షేమంగా లోయకు చేరిందని అవతలి నుంచి ఫోను వచ్చేవరకు ఆవిడ టిఫిను డబ్బా మూత తీసేవారు కాదు. కాలక్రమంలో విభాగాధిపతిగా ఎదిగి, ప్రధాన కార్యాలయానికి రమ్మన్న ఆహ్వానాలను సవినయంగా తిరస్కరించి, ఆ రేకుల గదినే అంటిపెట్టుకున్నా ఈ అలవాటు మాత్రం మారలేదు. “మా ఆవిడ ఆకలి లోయలో ఉంటుందండీ,” అని మా బావగారు, అంటే వారి శ్రీవారు, నవ్వుతూనే అనేవారు గానీ, ఆ నవ్వు వెనక బెంగ మాకు తెలియనిది కాదు.

గత శుక్రవారం ఆవిడ హయాంలోని ఆఖరి బండి గేటు దాటింది. మేమెవరమూ పని చేయలేదు, చేస్తున్నట్లు నటించాం. ఫోను మోగింది. ఆవిడ విని, రిసీవరు పెట్టేసి, కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, “అందరూ చేరారు,” అన్నారు. ఆ ఒక్క బండి గురించి కాదు ఆ మాట. మన ఆవరణలో తాళంచెవి అందుకుని ఆ వాలు దిగిన డ్రైవర్లలో ఇల్లు చేరనివాడు ఒక్కడూ లేడు. ఏ తలుపు ముందూ నిలబడి చెప్పరాని కబురు చెప్పాల్సిన గతి మాకు పట్టలేదు. అమ్మయ్య అనుకున్నాను.

అక్కయ్యగారి శేషజీవితం ఎదురుచూపుల భారం లేని మధ్యాహ్నాలతో నిండాలని, బావగారి సరసన వేళకు భోంచేస్తూ, ఆయురారోగ్యాలతో, నిశ్చింతగా, దీర్ఘకాలం వర్ధిల్లాలని సహోద్యోగులందరి పక్షాన మనసారా ఆకాంక్షిస్తున్నాను. ఇళ్లకు చేరవలసినవాళ్లంతా చేరారు అక్కయ్యా. ఇక మీరు ఇంటికి వెళ్లండి.