తాళం తిప్పితే మేలుకున్న స్వామి

వజ్రానికి నెలలు నిండి వారం దాటిందంట. నిండు చూలాలు, అడుగు తీసి అడుగు వేస్తే ఆయాసం. ఉండేది గోదావరి నడుమ లంక, ఆసుపత్రేమో వంతెన దాటి అల్లంత దూరాన. వాళ్ళాయన శేషావతారం అద్దెకారు తోలేవాడు. పాతది అమ్మేసి, ఒకరు వాడిన కారే అయినా ముత్యమంత తెల్లటిది కొత్తగా కొన్నాడు. “నిన్ను పురిటికి ఇందులోనే తీసుకెళ్తానే, పల్లకీలో రాణీగారిలాగ” అన్నాడంట. లంకలో ఇంకో బండి లేదా అంటారేమో, ఉంది, ఇసుక ట్రాక్టరు. నొప్పులు పడే మనిషిని దాని మీద ఎక్కిస్తామా చెప్పండి? ఆ తెల్లకారే వజ్రానికి దిక్కనుకో.

ఏమైందంటే, గురువారం నాడు బండికి పూజ చేయించాలని కోవెల అర్చకులు తిరువేంగళాచార్యులుగారిని పిలిచారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, గుమ్మడికాయ దిష్టి తీశారు. అవతారం తాళం తిప్పి బండి స్టార్టు చేశాడు. చేసేసరికి స్టీరింగు ఎదుట ఎర్రవీ పచ్చవీ దీపాలన్నీ ఒక్కసారి వెలిగి, తక్కినవన్నీ ఆరిపోయి, ఒకే ఒక్కటి నిలిచిపోయిందంట. ఆచార్యులుగారు కళ్ళజోడు సవరించుకుని తొంగిచూశారు. చూస్తే ఏముందీ, పసిడివన్నెతో రెండు పక్కలా పైకెగసిన రేఖలు, నడుమ నిలువుగా ఒక తిలకం, దాని కింద ఒక బిందువు, అడుగున పద్మపీఠంలాగ నొక్కులు. ఆయన హారతిపళ్ళెం కింద పెట్టేశారు. “ఓరి అవతారం! తిరునామంరా! వెంటవచ్చిన దీపాలు పరివార దేవతలు, దర్శనమిచ్చి వెళ్ళిపోయారు. స్వామి మాత్రం నిలిచారు. నీ శకటంలో స్వయంవ్యక్తమయ్యారురా!” అని ఆ తడిమట్టిలోనే సాష్టాంగపడ్డారంట. పెద్దాయన పడితే ఊరు పడదా? ఊరూ పడింది.

ఇంక చూడండి. “మూలవిరాట్టుని కదిలించకూడదు” అని ఆచార్యులుగారి ఆజ్ఞ. బండి చుట్టూ కొబ్బరాకుల పందిరి. పొద్దున్నే సుప్రభాతం చదివి తాళం తిప్పడం, సాయంత్రం పవ్వళింపు పాడి తాళం తీయడం. గేరు మీద తులసిమాల, ముందుసీట్లో పులిహోర గంగాళం. ఒసే పిల్లా, నవ్వకు, మీ అమ్మ కూడా పదకొండు ప్రదక్షిణాలు చేసింది. వజ్రం మాత్రం గుమ్మంలో కూర్చుని పొట్ట నిమురుకుంటూ చూస్తోందంట. వాళ్ళన్న సత్తిరాజు పట్నంలో గ్యారేజీలో పనిచేస్తాడు, ఫోను చేసి అడిగింది. అతను చెప్పాడూ, “అది చక్రాల్లో గాలి తగ్గితే వెలిగే లైటమ్మా. నాలుగింటికీ ముప్పైమూడు చొప్పున గాలి కొట్టించి, తాళం తిప్పి, స్టీరింగు కింద బొత్తాం నొక్కిపట్టమను. మూడుసార్లు మిణుకుమిణుకుమని ఆరిపోతుంది” అన్నాడంట. ఆ మాట మొగుడితో అంటే అవతారం చెవులు మూసుకున్నాడు. “స్వామిని ఆర్పమంటావటే? కళ్ళు పోతాయే!” “కళ్ళు సరే, రేపు నొప్పులొస్తే నన్ను పందిట్లో కనమంటావా?” అంటే గోళ్ళు కొరుక్కుంటాడు.

శనివారం పొద్దున నొప్పులు రానే వచ్చాయి. వజ్రం ద్వారబంధం పట్టుకుని లేచింది, గోడ పట్టుకుని నడిచింది, పందిట్లోకొచ్చి వెనకసీటు తలుపు తీసి లోపల కూర్చుంది. జనం గొల్లుమన్నారు. “తల్లీ, గర్భాలయం!” అన్నారు ఆచార్యులుగారు. ఆవిడ పళ్ళు బిగబట్టి అందీ, “ఆచార్యులుగారూ, పూజకని పిలిచిన దేవుడికి పూజ అయ్యాక ఉద్వాసన చెప్పి పంపించరా? మూడురోజుల్నించీ స్వామిని ఈ డబ్బాలో నిలబెట్టేశారు, వెళ్ళిరండి స్వామీ అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. కాళ్ళు నొప్పెట్టవా ఆయనకి? నాకే ఇంత నొప్పిగా ఉందే!” అందంట. ఆచార్యులుగారి ముఖం పాలిపోయింది. “అయ్యో, ఎంత అపచారం! ఉద్వాసన మరిచానే!” అని చెంపలు వాయించుకున్నారు. “విధి ఉందండి, మా అన్న చెప్పాడు. ఒక్కో చక్రానికీ ముప్పైమూడు” అందావిడ. ఆయన వేళ్ళు లెక్కపెట్టుకుని, “ముప్పైమూడు కోట్ల దేవతలు, కోటికొకటి. సంఖ్య శుద్ధంగానే ఉంది” అన్నారు.

ఇంక ఊరంతా సేవే అనుకో! పంక్చర్లు వేసే చినబ్బులు కాలిపంపు తెచ్చాడు, ఇంటికి పది తొక్కులు, మడిపంచెలు ఎగ్గట్టి తొక్కడం. తొక్కేవాడు తొక్కుతుంటే శంఖం ఊదేవాడు ఊదుతున్నాడు, లోపల వజ్రం అరుస్తోంది. పంపు మీది ముల్లు ముప్పైమూడుకొచ్చింది, నాలుగు చక్రాలూ నిండాయి. అవతారం తాళం తిప్పి, బొత్తాం నొక్కిపట్టాడు. “యథాస్థానం ప్రవేశయామి” అన్నారు ఆచార్యులుగారు, జనమంతా గోవిందా కొట్టారు. ఒకసారి మిణికింది, రెండుసార్లు మిణికింది, మూడోసారి మిణికి ఆరిపోయింది. ఆచార్యులుగారు ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకుని, “సెలవు తీసుకున్నారు. ఇంక పోనీవోయ్!” అన్నారంట. పందిరి గుంజ ఒకటి విరుచుకుని మరీ కదిలింది బండి. వంతెన దాటి, ఆసుపత్రి గుమ్మంలో స్ట్రెచరు మీద పడుకోబెట్టాక పుట్టింది ఆడపిల్ల, ఏడుపు శంఖం ఊదినట్టే ఉందంట.

ఇప్పుడు చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఏ కారులో ఆ దీపం వెలిగినా ఆచార్యులుగారికే కబురు. ఆయన సంచిలో శంఖం పక్కనే కాలిపంపు ఉంటుంది. కాకపోతే ముందు గాలి కొట్టిస్తారు, ఆ తరవాతే మంత్రం. అదేమండీ అని అడిగితే చెప్పారూ, “ఒకసారి గాలి కొట్టకుండా ఉద్వాసన చెప్పానోయ్. రెండుమైళ్ళు పోకుండానే స్వామి తిరిగొచ్చేశారు.”