బాయిలర్ గదిలో వాటాదారు

1991 జూన్ మూడో తేదీన మన కాగితపు మిల్లు బాయిలర్ విభాగంలో సహాయక ఇంజనీరుగా చేరి, ముప్పై నాలుగేళ్ల సుదీర్ఘ సేవానంతరం ముఖ్య నిర్వహణాధికారిగా నేడు పదవీ విరమణ చేస్తున్న మన పెద్దాయన, ఈ వ్యాసానికి ముందే ఒక షరతు పెట్టారు. "ఆ వేసవి సంగతి రాయకపోతే నా గురించి అసలు రాయకండి" అన్నారు. ఆయన మాట కాదనడం మాకు ఎన్నడూ చేతకాలేదు.

తొలి పదేళ్లూ ఆయనకు ఇల్లూ వాకిలీ బాయిలరే. ఇనుప కడ్డీ ఒక కొస గొట్టానికీ, మరో కొస తమ చెవికీ ఆనించి, లోపలి జబ్బును ఇట్టే పసిగట్టేవారు. పదకొండో ఏట యాజమాన్యం అధికారులకు కంపెనీ షేర్లు కేటాయించింది. అధికారి సొంతదారైతే లాభం దానంతటదే పెరుగుతుందన్న వారి విశ్వాసం మొదట్లో వమ్ము కాలేదు. ఆవిరి కారే ప్రతి అతుకునూ సొంత ఇంటి కప్పు కారినంత ఆదుర్దాతో బాగుచేయించారు. బొగ్గు ఖర్చు తగ్గింది, లాభాలు పెరిగాయి. ఆయన అటుగా వస్తుంటే, "వాటాదారుగారొస్తున్నారు, ఊపిరి కూడా పొదుపుగా పీల్చండి" అని కార్మికులు నవ్వుకునేవారు.

పదవితో పాటు షేర్లూ పెరిగాయి. ప్రెషర్ మీటరు కన్నా ముందు షేరు ధర చూడడం అలవాటైంది. "ఏమండీ, బాయిలర్ ఎలా ఉందంటే ధర ఎంతుందో చెప్తారేంటి?" అని భార్య అడిగితే, ఆయన నవ్వేశారు.

ఆ వేసవిలో గొట్టాలు పలచబడ్డాయని, మార్చడానికి పన్నెండు రోజులు మిల్లు ఆపాలని బాయిలర్ ఆపరేటర్ వచ్చి మొత్తుకున్నాడు.

"ఈ మూడు నెలల లెక్కలు బయటికి రానివ్వవయ్యా. ఇప్పుడు ఆపితే లాభం పడిపోతుంది, ధరా పడిపోతుంది."

"ఒక్కసారి కడ్డీ పెట్టి వినండి సార్."

ఆయన వినలేదు. వింటే ఆపక తప్పదని ఆయనకు తెలుసు.

పద్దెనిమిదో రోజున గొట్టం పగిలింది. మిల్లు డెబ్బై రోజులు మూతపడి, ఆ ఏటి లాభమంతా తుడిచిపెట్టుకుపోయింది. ఎగజిమ్మిన ఆవిరికి ఆపరేటర్ రెండు కళ్లూ పోయాయి. విచారణ సంఘం గొట్టాల వయసును తప్పుపట్టింది, ఆయన్ను కాదు. అదే ఆయన్ను కుంగదీసింది. ఆ తరువాత పదేళ్లలో ఏ మరమ్మతునూ ఒక్క పూటైనా వాయిదా వేయలేదు. అయినా ఆయన ముఖాన మునుపటి నవ్వు మేమెవరమూ చూడలేదు.

పోయిన వారం తమ షేర్లన్నీ రాసిచ్చే కాగితాలు పట్టుకుని ఆపరేటర్ ఇంటికి వెళ్లారు. అతను తడిమి చూసి తిరిగిచ్చేశాడు.

"నాకొద్దు సార్. ఇవి నా చేతికొస్తే రేపట్నుంచి నేనూ ధరెంతని అడుగుతాను. మీరు మాత్రం నూరేళ్లుండండి. ఆ రోజు జరిగింది మనిద్దరిలో ఒక్కరికైనా కనబడుతూ ఉండాలి."

ఆ కోరికకే మా అందరి కోరికనూ జతచేస్తున్నాం. చూపు మందగించకుండా, జ్ఞాపకం మసకబారకుండా, మన పెద్దాయన సంపూర్ణ ఆరోగ్యంతో చిరకాలం జీవించాలి.