మా పాప రెండు భాషల ప్రతాపం

టీలు తర్వాత తాగొచ్చు, ముందు ఇది వినండి. మా పాపకి ఇంకా నాలుగు నిండలేదా, పాలు కావాలంటే వాళ్ళమ్మని ఈ ఊరి భాషలో అడుగుతుంది, నన్ను తెలుగులో అడుగుతుంది. మన లాండ్రీలో తెల్ల దుప్పట్లు ఒక తొట్టిలో, రంగువి ఇంకో తొట్టిలో వెయ్యమూ, అలాగన్నమాట. ఒక్క మాట కలవదు.

"ఇద్దరు రెండు భాషలు మాట్లాడే ఇళ్ళల్లో పిల్లలందరూ అంతేగా," అన్నాడు మడతలు పెట్టే మావయ్య.

అంతేనా? నా పద్ధతి విను మావయ్యా. ఇల్లు మొత్తానికి తెలుగు నేనొక్కణ్ణే, వాళ్ళమ్మకి ముక్క రాదు. నేను జారిపోతే దానికింక తెలుగెక్కడిది? అందుకే ఈ ఊరి భాషలో ఏమడిగినా అర్థం కానట్టే కూర్చుంటాను. బతిమాలనీ, ఏడవనీ, నేను రాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నిద్రలో కూడా పంపకాలు పెట్టింది. కుడిపక్కకి తిరిగితే తెలుగులో కలవరింత, ఎడమపక్కకైతే వాళ్ళమ్మ భాష, వెల్లకిలా పడుకుంటే రెండూ ఒక్కసారే, ఇల్లు సంతే.

"బోర్లా పడుకుంటే?"

మౌనవ్రతం. ఇంకా విను. కింది వాటా కుక్కకి ఓ పూట పాఠం చెప్పిందో లేదో, ఇప్పుడది తెలుగులో తప్ప పలకదు. దాని యజమాని నా కాళ్ళావేళ్ళా పడ్డాడు, నాలుగు ముక్కలు నేర్పించు బాబూ, నా కుక్కని నాకు దక్కించు అని. అంతెందుకు, మొన్న మన పెద్ద మిషను ఆగిపోలేదూ? మెకానిక్ చేతులెత్తేశాక, ఫోన్లో పాప చేత "తిరగవే తల్లీ" అనిపించాను. తిరిగింది. వాళ్ళమ్మ భాషలో ఓ కసురు కసిరింది. దుప్పట్లు ఎండిపోయి మరీ బయటికొచ్చాయి.

"మడతలు కూడా పెట్టించకపోయావా?"

నీ పొట్ట కొట్టడమెందుకని నేనే వద్దన్నాను.

అందరూ నవ్వారు, ఇస్త్రీ చేసే అక్క తప్ప. రోజూ తన పిల్లలతో పాటు మా పాపని బడిలో దింపేది ఆవిడే. చేతిలోని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

"తమ్ముడూ, పొద్దున పాప నన్ను చెయ్యి పట్టుకోనివ్వలేదు. చూస్తే మోచెయ్యి వాచి ఉంది. నిన్న సాయంత్రం సైకిలు మీంచి పడిందట. బళ్ళో టీచరుకి చూపించి వచ్చాను."

నిన్న సాయంత్రం ఇంట్లో నేనే ఉన్నాను. వాళ్ళమ్మకి ఈ వారం రాత్రి డ్యూటీ.

"మరి నాన్నకి చెప్పలేదేమే అని అడిగాను," అంది అక్క. "ఈ ఊరి భాషలోనే చెప్పింది. నాన్నకి నా మాటలు అర్థం కావు కదా, పాపం, అంది."

మావయ్య గ్లాసు కింద పెట్టాడు.

ఏ చెయ్యక్కా?