తాడిచెట్టు కింది వార్తలు

ఇగో, ఇగ నా వశం కాదు! మీదికి చూసి చూసి మెడ నరాలు పట్టుకున్నయి. తీగను కమ్మకు కట్టి దిగవయ్యా అంటె దిగకపోతివి. గాలికి కమ్మ ఊగితె రేడియో గొంతు పోతదని చేత్తోని పట్టుకోని కూసుంటివి. లోకంల అందరి రేడియోలకు గుంజలుంటయట, మన రేడియోకు నా మొగడున్నడు!

ఏందీ? వినవడతలేదా? ఎట్ల వినవడుతది? తాడిచెట్టు నెత్తిన కూసున్నోనికి కింద పెట్టె గుసగుస వినవడుతదా? పెద్దగ వెట్టు అని చెయ్యి ఊపకు, ముందు చెట్టును పట్టుకో.

పెద్దగ వెడితె బాట మీద పోయే సోమనర్సయ్య చెవుల పడుతది. దొర దగ్గర కొలువు చేసేటోడు వాడు, మరిచినవా? సంఘపోళ్ళు గడీ మీద వడ్డనాడు వడ్లు పోయినయి, అప్పు కాయితాలు కాలినయి, దొర ఏడ్వలె. ఈ పెట్టె పోయిందని మాత్రం ఇప్పటిదాంక ఏడుస్తనే ఉన్నడు. ఎవని తాన ఉందో ఊరంత ఎరుకే, దొరకు, ఈ సోమనర్సయ్యకు తప్ప!

సరె సరె. నేను విని చెప్త. ముత్యం నాయినా, కట్టుకున్న పెండ్లాన్ని రేడియో చేస్తివి గదనయ్యా!

ఆఁ, మొదలువెట్టిండు. ఢిల్లీల పెద్దమనుషులు కూసున్నరట. కూసోని మాట్లాడుకున్నరట. మాట్లాడుకోని లేసిండ్రట. వచ్చే నెల మల్ల కూసుంటరట. గింతే. దీనికోసం నువ్వు చెట్టెక్కినవ్.

ఇంకోటి. పట్నంల నవాబుకు కొత్త కొలువిచ్చిండ్రు గద, ఆయనకు దండలేసిండ్రట. నిన్నటిదాంక ఆయననే దించుతమని కొట్లాడిరి, ఇయ్యాల ఆయనకే దండ! ఆ పూలు మనూరోళ్ళవి కాకుంటె చాలు.

జాగీర్లు పోయినయట. దున్నేటోనికి భూమి మీద హక్కిస్తరట, చట్టం రాస్తున్నరట. నవ్వకు, నడుముకున్న మోకు జారుతది! ఈ ముచ్చట మన దొరకు ఎవరు చెప్పాలె చెప్పు? పెట్టె మన తాననే ఉండె. ఆనాడు నవాబు తీరు రూమీ టోపీ పెట్టుకోని పట్నం ఉరికిన దొర, ఇప్పుడు తెల్లటోపీ పెట్టుకోని మిలట్రీ లారీల దిగిండు. నెత్తి గదే, టోపీ మారింది. సోమనర్సయ్య పొద్దుగాల్నే వచ్చి లొట్టి నిండ ఉత్తగ తాగి పోయిండు. పైసలడిగితె, స్వరాజ్యం వచ్చినంక పైసలేందే పెంటమ్మా అన్నడు.

ఆగు ఆగు, మన దిక్కు వార్త. తెలంగాణ జిల్లాలల్ల శాంతిభద్రతలు నెలకొనియున్నవట. నెలకొనియున్నవి! ఏం తెలుగయ్యా ఈయనది? నోట్లె తమలపాకు పెట్టుకున్నట్టు చదువుతడు. మొన్న కల్లుకొచ్చిన యాకయ్య, ఈయన మనకు చెప్తుండా, మన మీద మంత్రం చదువుతుండా అని అడగనే అడిగె.

పాలకుర్తి బాట మీద ఒక మిలట్రీ క్యాంపు, పెద్దవంగర బాట మీద ఒక క్యాంపు. పొద్దుగూకినంక బయటికి పోతె తుపాకి వెడుతరు. కుక్కలు సుత మొరుగుడు బంద్ చేసినయి. మరి శాంతే గద, ఇంకేంది?

ఏందా ఈల? ఏందా తొందర? నాకెరుకే నీ చెవులు దేనికోసం నిక్కినయో. నవాబు నీకెందుకు, ఢిల్లీ నీకెందుకు! ఘనపూర్ అడివి వార్త కావాలె నీకు.

పోయిన వానలకు ముందట దళంల కలిసిన మన పిలగాని పేరు ఈ పెట్టెల వస్తదా రాదా? దినాం ఊపిరి బిగవట్టుకోని వినుడు. చచ్చినోళ్ళ పేర్లల్ల ముత్యం పేరు రాకపోతె, మనోడు బతికున్నడుర బై అని ఊరందరికి ఉత్తగ కల్లు వోసుడు! వాళ్ళు దేశం సంగతులు విననీకి వస్తున్నరనుకున్నవా నువ్వు? మన పిలగాని పేరు రాకుంటె ఒక ముంత ఎక్కువ దొరుకుతదని వస్తున్నరు.

అయిపోయినయి. వార్తలు అయిపోయినయి. ముత్యం పేరు రాలె. పాట వెట్టిండ్రు. ఇగ దిగు.

ఏందీ, గౌసన్నను పిలవాల్నా? యాకయ్యను పిలవాల్నా? ఎవ్వరు లేరు. నేనే ఎల్లగొట్టిన. కల్లు పులిసింది పొండ్రి, రేపు రాండ్రి అన్న. బ్యాటరీ తెచ్చిచ్చిన మనిషినని గౌసన్న అలిగి పోయిండు. పోనీ. జనగామదాంక మోసుకపోయి నింపించుకొచ్చిండు పాపం, రేపు మాట్లాడుకుందం.

ఎందుకు ఎల్లగొట్టినవంటె? దిగు, చెప్త.

దిగినంకనే చెప్త.

అగో, దిగవా? చెప్తెనే దిగుతవా? ఈ మొండితనం చూడు! నీ లెక్కనే గద వాడు మొండోడయింది. వద్దు బిడ్డా అంటె విన్నడా? వాకిట్ల పండుకుంటె, గడీల వెట్టికి పోయి పడ్డ దెబ్బలు వీపు మీద కనవడుతుండె నీకు. అది చూసుకుంట చూసుకుంట పెరిగిండు వాడు. ఎట్ల వింటడు?

నా గొంతు మారిందా? మారలె. కల్లు పొయ్యి ముందట కూసుంటె పొగ సూరింది.

పొయ్యి లేదా? అవు, లేదు. కల్లుకు పొయ్యేంది. ఏదో అన్న తీ.

దిగు ముత్యం నాయినా. నీ కాల్మొక్కుత దిగు. నీకు జర కింద కూసున్నప్పుడు చెప్పాలని పొద్దుగాల నుంచి చూస్తున్న. తిన్నవు, పండుకున్నవు, లేసినవు, కత్తి నూరుకున్నవు. నా నోరు రాలె. నోరొచ్చెటాళ్ళకు నువ్వు తీగ పట్టుకోని చెట్టెక్కితివి.

దిగవు. కూసో మరి.

మోకు చూసుకో. ఇంకో చుట్టు చుట్టు. చుట్టినవా? ఆ తీగ ఇడిచిపెట్టు ఇగ, నా మాటిను. రెండు చేతులతోని చెట్టును పట్టుకో. మీదికెల్లి చూడు, బాట మీద ఎవడన్న ఉన్నడా? లేడా? మంచిగ చూడు.

పొద్దుగాల మోతీబాయి వచ్చింది. ఆమె తల్లిగారి తండా ఘనపూర్ అడివి అంచునుంటది, నీకెరుకే గద. ఆడికెల్లి నడుచుకుంట వచ్చింది. కల్లు కోసమనుకోని నేను ముంత ముందట వెట్టిన. ముట్టలె. నా చెయ్యి వట్టుకుంది. ఇడువలె.

మొన్నటి వార్తలు యాదికున్నయా? ఇదే చెట్టు కింద, ఇదే పెట్టె. ఆ చదివెటాయన, గట్టయ్య అనే దళ నాయకుడు ఘనపూర్ అడవులలో జరిగిన కాల్పులలో మరణించినాడు అన్నడు. అందరం విన్నం. నువ్వే అందరికి ఇడమర్చి చెప్పితివి. మా నాయిన పేరోడే పాపం, ఎవని కొడుకో, నాయకుడంట, శేరు గుండెకాయ ఉన్నోడు అన్నవు. వాని పేరు మీద ఇంత కల్లు మన్నుల వోసినవు.

పోసి, మనోడు కాదుర బై అని నవ్వినవు. ఆ మాపటీలి రెండు లొట్లు పంచినవు. నేను సుత నవ్విన.

దళంల పోయినోళ్ళు సొంత పేరు చెప్పుకోరట ముత్యం నాయినా. మనకేం తెలుసు? ఇంటి మీదికి రావద్దని వేరే పేరు వెట్టుకుంటరట. మోతీబాయి చెప్తె తెలిసింది నాకు. ఒకపారి తండాల జరమొచ్చి పండుకున్నప్పుడు చెప్పిండట ఆమె తల్లికి. నా పేరు ముత్యం, మా అవ్వ పెంటమ్మ తాళ్ళల్ల కల్లు వోస్తది, తాత పేరు వెట్టుకున్న అన్నడట.

పట్టుకో! చెట్టును పట్టుకో! నువ్వు పడితె నాకెవడున్నడు? పట్టుకో అంటున్న.

ఆఁ. గట్ల. గట్లనే ఉండు.

తండోళ్ళే ఇంత మన్ను వేసిండ్రట. చెప్పులు లేవట కాళ్ళకు. మోతీబాయి వాళ్ళన్న తన రుమాలు కప్పిండట. నాయకుడయ్యిండట మన పిలగాడు. గిది సుత మనకు రేడియోలోడు చెప్పాలెనా?

మెల్లగ. మెల్లగ ఏడువు, గాలి లేదు, దూరం వినవడుతది. గట్టయ్య ఎవని కొడుకు అని క్యాంపోళ్ళు ఊరూరు తిరిగి అడుగుతుండ్రట. ఏ ఇంట్ల ఏడుపు వినవడితె ఆ ఇంటికి వస్తుండ్రట. చావుకు ఏడిస్తె సుత జేలేనట. అందుకే పొద్దుగాల సోమనర్సయ్యకు నవ్వుకుంట కల్లు వోసిన. స్వరాజ్యం ముచ్చట చెప్తె అవునయ్యా అన్న. ఇంకో ముంత పోయనా అని నేనే అడిగిన. థూ, నా బతుకు.

ఇగ రేపటి సంది యాకయ్య వస్తడు, గౌసన్న వస్తడు. పేరు రాలేదా అని అడుగుతరు. రాలేదు అనాలె. అని కల్లు వొయ్యాలె. వొయ్యకపోతె ఎందుకని అడుగుతరు. రేపు, ఎల్లుండి, ఎన్ని దినాలో వొయ్యాలె.

పెట్టె బంద్ చేసిన. ఇంకా ఏదో పాడుతుంటె.

నువ్వు ఆడనే ఏడువు ముత్యం నాయినా. కడుపార ఏడువు. కమ్మల సాటున నిన్నెవ్వడు చూడడు. చీకటి వడ్డ సరె, నేను కాపలుంట. మొఖం తుడుచుకోని, ఎర్రటి కండ్లు తగ్గినంకనే దిగు. ఎవడన్న అడిగితె కల్లు ఎక్కువైంది అని చెప్త.

నేనా? నేనేడ ఏడ్వాలె?

నాకు చెట్టెక్కుడు రాదాయె.