కత్తెర పడని స్వెటర్

ఐస్‌లాండ్ ఉత్తర తీరంలో గొర్రెలు పెంచుకునే గీస్లి వేసవంతా మంచం దిగలేదు. ఆగస్టు చివర ఒక సాయంత్రం, అప్పుడే అల్లడం ముగించిన స్వెటర్‌ని అతని భార్య స్వావా అతని తలమీంచి తొడగబోతోంది.

"ఆగు, ఆగవే! చెయ్యి, చెయ్యి!"

"ఇంకొంచెం పైకెత్తు. వచ్చేస్తోంది."

"రావట్లేదు స్వావా. తీసెయ్."

"మెడ దాకా వచ్చింది గీస్లీ, ఈ ఒక్క చెయ్యి..."

"తీసెయ్యమన్నానా!"

"సరే, సరే, తీశా. అరవకు, దగ్గొస్తుంది. కాఫీ తాగుతావా?"

"వద్దు. దాన్ని కిటికీ దగ్గర పట్టుకో, చూడనీ. గుండెల మీద ఇదేంటి?"

"నువ్వే చెప్పు."

"వసంతంలో ముందుగా వచ్చే ఆ బంగారు మచ్చల పిట్ట."

"అమ్మయ్య! పక్కింటి గుడ్రున్ చూసి బాతు అంది."

"గుడ్రున్‌కి పిట్టేదో బాతేదో ఎప్పుడు తెలిసింది గనక! ఈ గోధుమ రంగెక్కడిది?"

"మన వాగు రాళ్ళ మీది నాచు గీకి, ఉడకబెట్టి అద్దాను. బూడిదరంగు మాత్రం అద్దకం కాదు. మన గ్రానా ఉన్ని."

"నన్ను కుమ్మిన గొర్రె!"

"అందుకే నీ గుండెల మీద పెట్టా."

"ఊరందరికీ అల్లావు. ఓడ దిగిన ప్రతివాడికీ అల్లి అమ్మావు. నా వంతు ఇప్పటికొచ్చిందన్నమాట."

"ఏనాడైనా అడిగావా నువ్వు? అడగవుగా! వచ్చే నెల మేత ముగిసి మందలు కొండ దిగే రోజు చలిగా ఉంటుంది. ఇది వేసుకుని ట్రాక్టర్లో నా పక్కన కూర్చుందువుగాని."

"డాక్టరమ్మ నీతో ఏమంది? గుమ్మం దగ్గర."

"ఏమంటుంది? వాతావరణం బావుందంది."

"అంత వానలో నిలబడా?"

"కాఫీ పెడతా ఉండు."

"ఇప్పుడేగా వద్దన్నాను."

"బుద్ధిలేనిదాన్ని. అతుకు లేకుండా గుండ్రంగా అల్లేశా. తలమీంచి తప్ప వేరే దారి లేదు. నీ చేతులు లేవవని తెలిసి కూడా..."

"తెలిసి ఎందుకు అల్లావే మరి?"

"మొదలుపెట్టినప్పుడు లేచేవి గీస్లీ!"

"ఏడవకు."

"ఏడవట్లేదు."

"మీ నాన్న చేతులూ లేవలేదుగా. పోయాక శవప్పెట్టెలో పడుకోబెట్టేటప్పుడు."

"ఇప్పుడా గోలెందుకు?"

"మీ అక్క ఏం చేసింది?"

"తెలిసి అడుగుతావేం? స్వెటర్ వీపు నిలువునా కత్తిరించి, ముందువైపు నుంచి తొడిగింది. నేనల్లిన స్వెటర్‌ని!"

"ఏడాది పాటు దానితో మాట్లాడలేదు నువ్వు."

"మాట్లాడతానా? నా అల్లిక మీద కత్తెర పెట్టింది."

"పైనుంచి చూస్తే కోసినట్టే లేదు. ఎంత చక్కగా ఉన్నాడో ముసలాయన."

"ఆపుతావా? నేనొకటి ఆలోచించా. ముందువైపు నిలువునా కోసేస్తా. అంచులు కుట్టి బొత్తాలు పెడతా. కోటులా తొడిగేయొచ్చు. చేతులు ఎత్తనక్కర్లేదు."

"నువ్వు? కత్తెర పెడతావా?"

"పెడతా. మందలు దిగే రోజుకి నువ్విది వేసుకోవాలి. అంతే. నాకింకేం వద్దు."

"పిట్ట రెండు ముక్కలవుతుంది."

"అవనీ."

"ఇన్నాళ్ళు కష్టపడి అల్లావు."

"అల్లితేనేం! నాకు చేతనైంది ఇదొక్కటే గీస్లీ. ఇంకేం చెయ్యను, నువ్వే చెప్పు, ఇంకేం చెయ్యను? ఇదిగో, ఈ అంచు పట్టుకో. గట్టిగా. మెడ దగ్గర మొదలుపెడతా, సరేనా?"

"స్వావా."

"ఊఁ."

"పిట్ట జోలికి పోకు. స్వెటర్ తిరగెయ్యి. వీపు వైపు కొయ్యి."